బొటనవేలి మీద ఆవిరి మచ్చ

మా ఇంట్లో పొద్దున్నే మూడు రకాల కాఫీ కావాలి. అత్తయ్యకి పొడిని నీళ్ళలో మరిగించి, గుడ్డలో వడకట్టి, పాలు కలిపి ఇవ్వాలి. ఆయనకి ఫిల్టర్లో బొట్టుబొట్టుగా దిగిన చిక్కటి డికాషన్. తట్టి తొందరపెడితే ఆ తేడా ఆయన నాలుకకి ఇట్టే తెలిసిపోతుంది. మా అమ్మాయికి ఇన్‌స్టంట్ పొడి చల్లటి పాలలో వేసి, సీసాలో గిలక్కొట్టాలి. ఈ మూడూ అయ్యాక గిన్నెల్లో ఏది మిగిలితే అది నా కాఫీ. దానికో రకమంటూ లేదు.

"నాకు స్టవ్ వెలిగించడం కూడా రాదోయ్" అని పెళ్ళయిన వారంలోనే చెప్పారు ఆయన. గర్వంగానే చెప్పారు. "వాడికి నీళ్ళు కాచుకోవడం కూడా చేతకాదమ్మా, నువ్వే చూసుకోవాలి" అని అత్తయ్య మురిసిపోయింది. పంతొమ్మిదేళ్ళుగా చూసుకుంటూనే ఉన్నాను. నేను పనిచేసే ఆస్పత్రి ల్యాబ్‌లో హెడ్ టెక్నీషియన్ పోస్టు రెండుసార్లు నా దాకా వచ్చింది. ఆ పని ఉదయం ఆరింటికే మొదలవుతుంది, ఐదున్నరకల్లా ఇల్లు కదలాలి. "మరి పొద్దున్న కాఫీలు?" అన్నారు ఆయన రెండుసార్లూ. రెండుసార్లూ వద్దని రాసిచ్చాను. ఇప్పుడు ఆస్పత్రివాళ్ళు మూడోసారి అడిగారు. శుక్రవారంలోగా చెప్పకపోతే, నేను పని నేర్పిన కుర్రవాడే రేపు నాకు హెడ్ అవుతాడు.

ఈ గుంజాటనలో ఉండగానే, సోమవారం, ఆయన బొటనవేలి మీద మచ్చ చూశాను. గోరు పక్కన ఎర్రగా, పొడుగ్గా ఉంది. "తలుపు సందులో పడింది" అన్నారు పేపర్లోంచి తల ఎత్తకుండా. తలుపు సందులో నలిగితే నల్లగా కమిలిపోతుంది. ఇది కెటిల్ మూతి దగ్గర ఆవిరి కొట్టిన మచ్చ. నా వేళ్ళకి అలాంటివి రెండున్నాయి, నాకు తెలీదా?

అక్కణ్ణించి నాకు కుదురు లేదు. ఉతకడానికి తీసిన చొక్కాలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చేతి మడతల్లో కాఫీ పొడి. మర్నాడు ప్యాంటు జేబులో కాఫీ వడకట్టే కాగితం ఫిల్టరొకటి, వాడనిది, నాలుగు మడతలు పెట్టి ఉంది. మా ఇంట్లో కాగితం ఫిల్టర్లు లేవు. నాకు ఒళ్ళు భగ్గుమంది. ఎవరో ఒకామె వంటిల్లు ఉంది, అందులో ఈయన చొక్కా చేతులు మడుచుకుని నిలబడుతున్నారు. ఆమె ఎలా ఉంటుందో ఊహించుకోలేదు. ఆమె కాళ్ళు చాపుకుని కూర్చుని కాఫీ అందుకోవడం మాత్రం ఊహించుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు కుళ్ళు పుట్టింది దానికే.

గురువారం ఆయన కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళారు. మామూలుగా అయితే ఫోన్ చేసి ఊరుకునేదాన్ని. ఆ రోజు గంట పర్మిషన్ తీసుకుని, చెప్పాపెట్టకుండా ఆయన ఆఫీసుకి వెళ్ళాను. సీట్లో లేరు. పక్క సీటు గుమాస్తా, ముప్ఫై అయిదేళ్ళావిడ, నవ్వి "పదకొండయింది కదండీ, సార్ ప్యాంట్రీలో ఉంటారు" అని దారి చూపించింది.

ఉన్నారు. సన్నమూతి కెటిల్‌తో కాగితం ఫిల్టర్లో నీళ్ళు గుండ్రంగా తిప్పుతూ పోస్తున్నారు. ముందు కాసిని పోసి, పొడి పొంగేదాకా ఆగి, మళ్ళీ పోస్తున్నారు. తడబాటన్నది లేదు. చుట్టూ ఆరుగురు కప్పులు పట్టుకుని నిలబడ్డారు. "నీకు పాలు తక్కువ కదూ" అని ఒకరితో, "గొంతు బాగాలేదన్నారుగా, మీకు పలచగా కలిపాను" అని ఇంకొకరితో అంటున్నారు. ఆ గొంతు నేను ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

"మీరు అదృష్టవంతులండీ" అంది నా వెనకే వచ్చిన గుమాస్తా. "మాకు రోజుకి ఒక్క కప్పే. నేను చేరి ఎనిమిదేళ్ళయింది, సార్ ఒక్కరోజు మానలేదు."

నేను మొదటిసారి పోస్టు వద్దని రాసిచ్చి ఐదేళ్ళు. ఎవరో ఒక ఆడమనిషి ఉన్నా బాగుండేదని ఆ క్షణంలో నిజంగా అనిపించింది. అప్పుడు నెత్తీనోరూ కొట్టుకుని పోట్లాడేదాన్ని. చేతకాదన్న ఒక్క మాట నమ్మి ఇన్నేళ్ళు వదులుకున్నందుకు ఎవరితో పోట్లాడాలి?

ఆయన నన్ను చూశారు. "ఇక్కడేదో సరదాకి... ఇంట్లో అంటే నీ చేతి కాఫీ వేరు కదా" అన్నారు. నేను కళ్ళజోడు బల్ల మీద పెట్టాను. అందరూ చూస్తున్నారనో ఏమో, నాకూ ఒక కప్పులో పోశారు. చక్కెర డబ్బా మూత తీసి, చెంచా పట్టుకుని ఆగిపోయారు.

"నీకెంత?" అన్నారు.

ఆ గదిలో ఆయన అడగాల్సి వచ్చింది నన్నొక్కదాన్నే. నేను ఫోన్ తీసి మా ల్యాబ్ డాక్టరమ్మకి చేశాను. "మేడమ్, ఆ పోస్టు నేను తీసుకుంటాను. సోమవారం నుంచి ఆరింటికి వస్తాను" అన్నాను. ఆయన చెంచా పట్టుకుని అలాగే నిలబడ్డారు. చక్కెర ఎంతో నేను చెప్పలేదు. పంతొమ్మిదేళ్ళ తర్వాత అది తెలుసుకోవడం ఇక ఆయన పని.