భార్గవ్ పెట్టిన సాక్షి సంతకం

మిజునో తల వంచిందంటే ఊరికే ఇలా వంచి అలా ఎత్తడం కాదు. సిడ్నీలోని పరమట్టా కోర్టు వరండాలో, జనం కాఫీ కప్పులతో అటూ ఇటూ తిరుగుతుండగా, అరవై ఏళ్ల ఆ జపాన్ లాయరు జ్ఞానప్రసూన ఆంటీ ముందు నడుం దాకా వంగి అలాగే ఉండిపోయింది. పక్కనే ఉన్న ఆమె జూనియర్ భార్గవ్‌కి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఎందుకంటే తప్పు అతనిది.

ఆంటీ కొడుకు ఒసాకాలో జపాన్ అమ్మాయిని పెళ్లి చేసుకుని, మూడేళ్ల క్రితం అక్కడే పోయాడు. కోడలు పాప తన్మయిని తీసుకుని సిడ్నీ వచ్చేసి, నాయనమ్మకి చూపించడం మానేసింది. సిడ్నీకి పగలంతా కార్లో వెళ్లేంత దూరాన, వెర్రిబీలో ఉండే ఆంటీ, సెలవుల్లోనైనా మనవరాలిని పంపించమని కోర్టుకెక్కింది. ఒసాకా కాగితాలూ సిడ్నీ కోర్టూ రెండూ తెలిసిన మనిషి కావాలి కదా! పదిహేనేళ్లు ఒసాకాలో వాదించి, నలభై దాటాక ఇక్కడికొచ్చి, కుర్రకారు మధ్య కూర్చుని మళ్లీ పరీక్షలు రాసిన మిజునో అలా దొరికింది.

ఆంటీ తన ప్రమాణపత్రం మీద లాయరు ఎదుట సంతకం పెట్టాలి. "కంటి ఆపరేషన్ నాయనా, అంత దూరం ఎక్కడ రాను? నేను పెట్టి పోస్టులో పంపిస్తా, కింద నువ్వూ ఒకటి గీకేద్దూ. మనవాడివే కదా," అంది ఫోన్లో. పెద్దావిడ నోరు తెరిచి అడిగితే కాదనలేకపోయాడు మన వీరుడు. 'నా ఎదుట, సిడ్నీలో సంతకం చేశారు' అన్న లైను కింద గీకేశాడు. మిజునోకి చెప్పలేదు.

ఈ పొద్దున కోడలి లాయరు, ప్రమాణపత్రం మీదున్న తారీఖున ఆంటీ వెర్రిబీలో ఆపరేషన్ చేయించుకున్న కాగితం తీశాడు. ఆ కాగితం కేసులో మిజునో ఆఫీసు ఇచ్చిందే! మిజునో భార్గవ్ కేసి చూసింది. అతను బల్ల కేసి చూశాడు.

"ఇది నా ఆఫీసులో జరిగిన తప్పు. బాధ్యత నాది," అని ఆమె లేచి చెప్పింది. రెండు దేశాల్లో కలిపి ముప్పై ఏళ్లకు పైగా ఏ జడ్జీ ఆమెని పల్లెత్తు మాట అనలేదు. ఈ జడ్జి అన్నాడు. ప్రమాణపత్రం చెల్లదన్నాడు, ఆ సంతకం ఎలా వచ్చిందో భోజనం తర్వాత చెప్పమన్నాడు, అసలు కేసు సెలవుల తర్వాతకి వాయిదా వేశాడు. వేసవి సెలవులు గోవిందా.

"ఇదేం లాయరు? ఈవిణ్ణి నమ్ముకుని నా పిల్లకి దూరమయ్యాను. సిగ్గు లేదూ?" అని వరండాలో ఆంటీ విరుచుకుపడింది. "ఇంగ్లీషులో చెప్పు నాయనా. మెత్తగా కాదు, ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాడు. ఆ పిరికిపంద ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాడు. "ఆమె అన్నది నిజమే," అని మిజునో మరింత వంగింది.

"నువ్వు మాత్రం బంగారం నాయనా," అంటూ ఆంటీ అతని చెయ్యి పట్టుకుంది. అక్కడితో అతని వల్ల కాలేదు.

"ఆంటీ, కేసు దెబ్బతింది నా సంతకం వల్ల. మీరు నా ఎదుట పెట్టలేదుగా. మేడమ్‌కి అసలు తెలీదు."

"అందులో తప్పేముంది? మనలో మనం చేసుకున్నదే..." అంటూనే ఆవిడ ఆగిపోయింది. వంగి ఉన్న ఆ నెరిసిన తలని చూసింది. "అయ్యో! మనం చేసిన దానికి ఈ తల్లిని నా నోటితో తిట్టించావా? వింటూ నించున్నావా?"

చెయ్యి వదిలేసింది.

భార్గవ్ మిజునో వైపు తిరిగాడు. "భోజనం తర్వాత జడ్జిగారికి నేనే చెప్తాను మేడమ్," అన్నాడు ఇంగ్లీషులో. లాయరు పని పోవచ్చని తెలుసు. 'వద్దులే, నేను చూసుకుంటా' అని ఆమె అంటుందేమోనని లోపల ఇంకా ఆశ. ఛీ, ఏం బతుకు!

మిజునో నిటారుగా లేచి నిలబడింది.

"పొద్దుటి నుంచీ ఆ మాట కోసమే చూస్తున్నాను," అంది.