పరీక్షలో పుస్తకం తీసిన పిల్ల

కాలేజీ ప్రవేశాలు చూసే మేడమ్‌ని పిల్లలు చాటుగా డేగ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, లోలోపల ముచ్చటే కూడా. ఈసారి డేగ కళ్ళు ఒక్క పిల్ల మీదే వాలాయి. బడి గుమ్మం తొక్కకుండా ఇంట్లోనే చదువుకుని వచ్చిన పిల్ల. పాఠాలు చెప్పింది తల్లి, మార్కులు వేసిందీ తల్లే. కాకిపిల్ల కాకికి ముద్దు, ఆ మార్కులకి విలువేముంటుంది? రాత పరీక్షలో గట్టెక్కితేనే సీటు. గట్టెక్కదని డేగ నమ్మకం.

పరీక్ష లైబ్రరీ గదిలో పెట్టారు. "రూల్స్ మీకు తెలిసినవేగా, మొదలెట్టండి" అని డేగ కుర్చీలో కూర్చుంది. కాసేపటికి ఆ పిల్ల లేచి, తిన్నగా అల్మారా దగ్గరకి వెళ్ళి, లావుపాటి ఫిజిక్స్ పుస్తకం తీసి, నిలబడే చదవసాగింది. గదిలో కలాలన్నీ ఆగిపోయాయి.

దొరికింది దొంగ! డేగకి ఎంత సంతోషం వేసిందో చెప్పకూడదు గానీ, వేసింది.

"ఏంటమ్మా ఇది? పట్టపగలు, నా కళ్ళముందే?"

"మూడో ప్రశ్న తెలీలేదు మేడమ్. అందుకే చూస్తున్నా."

"పరీక్షలో పుస్తకం చూస్తారా ఎవరైనా?"

"మా ఇంట్లో చూస్తాం. ఏది చూశామో అమ్మకి చెప్పాలి, అంతే. ఇక్కడ చూడకూడదా?"

పిల్ల భుజాలు తడుముకోలేదు, నీళ్ళు నమలలేదు. ఇంత అమాయకత్వం నటనే అయ్యుంటుందనుకుంది డేగ. కాగితం లాక్కోవడానికి చెయ్యి చాపింది కూడా. కానీ ఇందాక తను చెప్పిందేమిటి? తెలిసినవేగా అంది. బడికి వెళ్ళినవాళ్ళకి తెలుసు, ఈ పిల్లకి ఎవరు చెప్పారు? పప్పులో కాలేసింది తనే. అది ఒప్పుకోవాలంటే ఒళ్ళు మండింది.

అందరూ వెళ్ళాక వేరే ప్రశ్నలిచ్చి, పుస్తకం ముట్టకూడదని చెప్పి, ఎదురుగా కూర్చుని కాపలా కాసింది. పిల్ల గబగబా రాసింది. ఒక ప్రశ్న కింద మాత్రం "ఇది నాకు తెలీదు" అని రాసి వదిలేసింది.

దిద్దడానికి మిగతావాళ్ళ జవాబుల కట్ట కూడా ముందేసుకుంది డేగ. మూడో ప్రశ్నకి అందరిదీ ఒకటే జవాబు, అవే మాటలు, చివర్లో అదే తప్పు. ఏ గైడులోంచి బట్టీ పట్టారో! ఇన్నేళ్ళూ ఇలాంటివాటికి అనుమానమన్నది లేకుండా మార్కులు వేసింది. ఇంట్లో చదివిన పిల్ల మాత్రం ఒక లెక్క తప్పని గీత కొట్టేసి, మళ్ళీ మొదటినుంచీ చేసుకొచ్చింది. ఆ పిల్లకి కావలసిన మార్కులు వచ్చాయి, డేగ దయ చూపించాల్సిన అవసరమే రాలేదు.

తల్లి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. డేగని చూడగానే లేచి నిలబడింది.

"మళ్ళీ ఏమన్నా పరీక్ష పెడతారా మేడమ్? ఇంతకుముందు వెళ్ళిన కాలేజీలోనూ ఇంతే. అన్నీ నేనే రాసిచ్చానన్నారు."

"అక్కర్లేదమ్మా. సీటు వచ్చింది."

తల్లి మొహం విప్పారలేదు. డేగని ఎగాదిగా చూసింది.

"రేపొచ్చాక కాదనరు కదా?"

"నేను చెప్తున్నానుగా!"

"అయితే అదే రాసివ్వండి మేడమ్."

మరో రోజైతే డేగ గయ్యిమని లేచేది. ఇవాళ సిగ్గేసింది. ఆ బెంచీ మీదే కూర్చుని, తల్లి చూస్తుండగా రాసిచ్చింది.