చప్పుడు కూడని గది

పడుతుంది, ఇదిగో ఇప్పుడే పడుతుంది ఆ చుక్క, మూలనున్న కొళాయి నుంచి టప్పుమని, పడగానే నా వెన్ను విల్లులా పైకి లేస్తుంది, ఒంట్లో నరాలన్నీ ఎవరో మెలిపెట్టి లాగినట్టవుతుంది, ధనుర్వాతం అన్నాడు డాక్టరు, చప్పుడు కూడదు, వెలుతురు కూడదు, ముట్టుకోకూడదు అన్నాడు, అందుకే పట్టపగలే కిటికీలకు దుప్పట్లు కట్టి నన్నిలా ఒంటరిగా పడేశారు, దవడ బిగుసుకుపోయింది గానీ బుర్ర మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది, అదే నా ఖర్మ, అంతా ఆ వెధవ మేకు మూలాన, పాత గుమ్మం ఊడదీసి పడేసిన చెక్క మీద నేనే కాలేశాను, ముప్ఫై ఏళ్ళుగా వడ్రంగం చేస్తున్నవాణ్ణి, ఎన్ని మేకులు కొట్టానో ఎన్ని పీకానో, ఒక్కటి అరికాల్లో దిగితే ఏం కొంప మునిగిందిలే అని గుడ్డ చుట్టుకుని మళ్ళీ చిత్రిక పట్టుకున్నాను, సాయంత్రం మా ఆవిడ చూసింది, ఏమయ్యా, ఇంజెక్షన్ వేయించుకో, మర్నాడూ అదే మాట, వారం రోజులూ అదే మాట, వడ్డిస్తూ అదే, పక్కింటావిడకి చెబుతూ అదే, దాని నోట్లో నువ్వుగింజ నానదు కదా, చివరికి విసుగెత్తి అందరి ముందూ, నీ నోరు పడిపోనూ, అనేశాను, అది గరిటె కింద పెట్టి లోపలికెళ్ళిపోయింది, మర్నాడు పొద్దున ముద్ద పెట్టుకుందామంటే నా నోరే తెరుచుకోలేదు.

డాక్టరు వచ్చిపోయే లెక్కన ఇవాళ పదకొండో రోజు, మా ఆవిడ రాలేదు, వస్తే నాకు తెలియకపోవడమా, దాని రాక వీధి చివరి నుంచే వినపడుతుంది, చెప్పుల టపటప, తాళాల గుత్తి గలగల, పైగా ఆ తుమ్ము ఒకటి, ఇంటి కప్పు ఎగిరిపోయే తుమ్ము, ఇక్కడేమో నర్సమ్మ పిల్లిలా వచ్చి ముక్కు గొట్టంలో పాలు పోసి పిల్లిలా పోతుంది, మా ఆవిడ వచ్చిందా తల్లీ, ఈ ఒక్క ముక్క లోలోపల ఎన్నిసార్లు అడిగానో, పళ్ళు దాటి రాదే, కోపం వచ్చి ఉంటుంది, రాదా మరి, నేనిలాగే పోతే ఇరవై ఆరేళ్ళ కాపురంలో నేనన్న చివరి మాట అదే అవుతుంది, నీ నోరు పడిపోనూ, భయంగా ఉంది నాకు, చావంటే కాదు, ఆ మాట వెనక్కి తీసుకోకుండా పోతానేమోనని.

ఏదీ, చుక్క ఏదీ, ఇంకా పడదేం, తల తిరగదు, కళ్ళే తిప్పాను, కొళాయి మూతికి ఏదో వేలాడుతోంది, గుడ్డ పీలిక, నీళ్ళు దాని వెంటే జారి చప్పుడు లేకుండా దిగిపోతున్నాయి, నర్సమ్మ కట్టిందేమో, ఆమెకంత తీరికెక్కడిది, ముడి మీద ముడి, ఆపైన మరో ముడి, అయ్యో, మా వంటింటి కొళాయికీ ఇంతే, చుక్కల మోతకి నిద్ర పట్టడం లేదని నేను కేకలేస్తే పాత గుడ్డ చింపి కట్టింది, ఒక ముడి చాలదా అంటే, నీ నిద్ర కదయ్యా, ఊడిపోతే ఎట్లా అంది, అంటే వచ్చింది, మందు మత్తులో నాకు కన్ను మూతపడ్డప్పుడు ఈ గదిలోకి, నా పక్కదాకా వచ్చింది, నర్సమ్మ ఇందాక దగ్గరగా వేసిపోయిన తలుపుకి బెత్తెడు సందు మిగిలింది, ఆ సందులోంచి చూస్తే నేల మీద ఉత్త కాళ్ళు, చెప్పులు ఒళ్ళో, తాళాల గుత్తి కొంగులో చుట్టి గట్టిగా మూటకట్టి, అరచేత్తో ముక్కూ నోరూ అదిమిపట్టుకుంది, భుజాలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి, మళ్ళీ ఇంకోసారి, తుమ్ము, చప్పుడు మాత్రం లేదు, నోట్లో నువ్వుగింజ నానని మనిషి పదకొండు రోజులుగా ఆ గడప అవతల, నా కోసం, ఒక్క మాటైనా మాట్లాడకుండా కూర్చుంది.