ఆఖరి కచేరీకి వెళ్లిన జీన్స్ జాకెట్

నేను ఒక జీన్స్ జాకెట్‌ని. సికింద్రాబాద్ చిలకలగూడలో మొయినుద్దీన్ అనే దర్జీ నన్ను కుట్టాడు. జీవితమంతా సఫారీ సూట్లు కుట్టిన మనిషి. నా గుడ్డ మందానికి ఆయన మిషన్ సూదులు విరిగాయి. విసుగొచ్చి నాకూ సఫారీ కాలరే పెట్టేశాడు.

నన్ను కుట్టించుకున్నవాడు రత్నాకర్. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో అప్పుడే చేరిన ఎలక్ట్రీషియన్. సుందర్ మైకేల్ అనే రాక్ గాయకుడి బొమ్మ ఉన్న క్యాసెట్ అట్ట తెచ్చి, అచ్చం ఇలాంటి జాకెట్టే కావాలన్నాడు. తీరా నన్ను చూశాక ముఖం మాడ్చుకున్నాడు.

"ఫోటోల కాలర్ చిన్నగుంది కద మాస్టర్."

"ఫోటో కాలర్ ఫోటోకి. నీ మెడకు ఇదే మంచిగుంటది."

సుందర్ మైకేల్ తెలుగులో రాక్ పాడేవాడు. దాన్ని పాట అనేందుకు ఊళ్లో చాలామంది ఒప్పుకునేవాళ్లు కాదు. రత్నాకర్, అతని వర్క్‌షాపు స్నేహితుడు దానియేలు మాత్రం ఏ కాలేజీ మైదానంలో కచేరీ ఉన్నా అక్కడే ఉండేవాళ్లు. ఎండాకాలంలో కూడా నన్ను వేసుకునే ఎగిరేవాడు రత్నాకర్. ఇంటికొచ్చేసరికి నా చంకల్లో ఉప్పు తెల్లగా పేరుకునేది. పెళ్లయ్యాక, భార్య సులోచన నన్ను బకెట్లో ముంచుతూ లోపల మోగుతున్న టేపు రికార్డరు వైపు చూసి, "ఇది పాటనా, పంచాయితీనా?" అనేది. అతను నవ్వి, ఇంకాస్త సౌండు పెంచేవాడు.

తర్వాత రత్నాకర్‌కి పొట్ట వచ్చింది. మనుషులు తాము పెరిగి, గుడ్డ కుంచించుకుపోయిందని అంటారు. అదే మాట అని నన్ను బీరువా అడుగున పడేశారు. కలరా ఉండల వాసనలో చాలా ఏళ్లు పడుకున్నాను. కచేరీలకు మాత్రం అతను మానకుండా వెళ్తూనే ఉన్నాడు, మామూలు చొక్కాల్లో.

రిటైరైన మరుసటి ఏడాది రత్నాకర్‌కి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. అన్నీ అర్థమవుతాయని, మాటే బయటికి రాదని డాక్టరు చెప్పాడట. అర్థమవుతున్నట్టు కూడా అనిపించేది కాదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెడితే గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఏడవడు. విసుక్కోడు. సులోచన కూడా ఏడవడం మానేసింది. అన్నం తినిపించేది, మూతి తుడిచేది, పక్క దులిపేది. ఆ ఇంట్లో ఇద్దరికీ పడిపోయినట్టే ఉండేది, ఒకరికి సగం, ఇంకొకరికి లోపల ఎక్కడో.

అలాంటి రోజుల్లో దానియేలు వచ్చాడు. సుందర్ మైకేల్ ఇక పాడడం ఆపేస్తున్నాడని, ఆదివారం ఆఖరి కచేరీ అని చెప్పాడు.

"ఆయన్ను తోల్కపోయి ఏం చేస్తవన్నా?" అంది సులోచన. "ఎక్కడ కూసోవెట్టినా ఒకటే ఇప్పుడు."

"ఒకటే అయితే అక్కడ కూసోవెడదాం వదినా. నేనొక్కణ్ణి పోలేను."

ఆమె లేచి బీరువా తెరిచి నన్ను బయటికి తీసింది.

ముందు పడిపోయిన చేతిని నా కుడి చేతిలోకి ఎక్కించింది. తడి బట్ట మూటలా బరువుగా ఉంది అది. ఒకప్పుడు పిడికిలి బిగించి ఆకాశంలోకి లేచిన చెయ్యి. బొత్తాలన్నీ హాయిగా పడ్డాయి. రత్నాకర్ చిక్కిపోయాడు కాబట్టి నేను మళ్లీ సరిపోయాను. అది ఎవరికీ సంతోషం కలిగించలేదు.

గాయకుడికి ఇప్పుడు రాత్రిళ్లు పాడే ఓపిక లేదు. అందుకే కచేరీ సాయంత్రం నాలుగింటికే పెట్టారు. మైదానం నిండా నల్ల టీషర్టులు, బట్టతలలు. ఒకప్పుడు కంచెలు దూకి లోపలికి వచ్చినవాళ్లు ఇప్పుడు కుర్చీలకు దిండ్లు ఉన్నాయా లేవా అని అడుగుతున్నారు. సుందర్ మైకేల్‌ని ఇద్దరు పట్టుకుని వేదిక మీదికి తెచ్చారు. ఎత్తు స్టూలు మీద కూర్చుని పాడాడు. పైస్వరాలు వదిలేశాడు.

దానియేలు మొదటి పాటకే కళ్లు తుడుచుకున్నాడు. రత్నాకర్ గుండె మాత్రం నా జేబు కింద ఎప్పటిలాగే కొట్టుకుంది, ఎక్కడా తొందర లేదు. పాట తర్వాత పాట అయిపోతోంది. అతను వేదికని కూడా ఇంటి గోడలాగే చూస్తున్నాడు.

"పోదామన్నా," అంది సులోచన. "ఆయనకేం తెలుస్తలేదు."

"ఒక్క పాట. ఆఖరిది."

ఆ పాట మొదలైంది. మధ్యలో గాయకుడికి ఊపిరి అందలేదు. మైకుని జనం వైపు తిప్పి పట్టుకున్నాడు. అప్పుడు నా కాలర్ దగ్గర, గొంతు కదలడం తెలిసింది. ఎక్కిళ్లు అనుకున్నాను.

"నిప్పు తాగి నడిచొచ్చా, నీడ కూడా కాలింది."

రత్నాకర్ పాడాడు. మాటలు కొంచెం ముద్దగా ఉన్నాయి కానీ ఒక్కటీ పోలేదు. మళ్లీ అదే చరణం పాడాడు. చుట్టూ వేలమంది అరుస్తున్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. సులోచన మాత్రం కుర్చీలోంచి లేచి, అతని ముందు మోకాళ్ల మీద కూర్చుని, నా బొత్తాల దగ్గర గుడ్డని రెండు చేతులా పట్టుకుంది.

"మాట వచ్చింది మీకు. నా పేరు చెప్పండి."

పాట అయిపోయింది. అతని పెదాలు విడివడ్డాయి. వాటి వెంట గాలి తప్ప ఏమీ రాలేదు.

"సులోచన అనండి. సు అనండి చాలు."

దానియేలు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "అది పాట వదినా. లోపల ఎప్పట్నుంచో ఉన్నది, దానంతటదే వచ్చింది."

ఆమె లేచి చీర దులుపుకుని తన కుర్చీలో కూర్చుంది. వేదిక మీద సుందర్ మైకేల్ దండం పెడుతున్నాడు. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. సులోచన చేతులు అలాగే ఒళ్లో ఉన్నాయి. ఆటోలో ఇంటికి తిరిగొచ్చాం.

ఇంట్లో నన్ను విప్పి, బీరువాలో కాకుండా అతని కుర్చీ వీపుకి తగిలించింది. రెండు రోజులు ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆమె ఎప్పటిలాగే తినిపించింది, తుడిచింది, దులిపింది. అతను గోడని చూశాడు.

మూడో రోజు పొద్దున కిటికీలోంచి పడే ఎండలో కూర్చుని సులోచన చిక్కుడుకాయలు తుంచుతోంది. ఎందుకో ఆ చరణం ఆమె నోట్లోకి వచ్చింది. ఏళ్ల తరబడి ఇంట్లో మోగినా మాటలు ఎన్నడూ చెవిన పెట్టిన మనిషి కాదు.

"నీళ్లు తాగి నడిచొచ్చా," అని కూనిరాగం తీసింది.

నా ముందున్న వీపు కదిలింది.

"కాదు," అన్నాడు రత్నాకర్.

చేతిలోని చిక్కుడుకాయ పళ్లెంలో పడింది. ఆమె తిరిగి చూడలేదు. చూస్తే ఆ మాట ఆగిపోతుందనుకుందేమో. ఇంకో కాయ తీసుకుంది. గొంతు సవరించుకుని, మెల్లగా, తప్పు తెలిసే, మళ్లీ నీళ్లే తాగింది పాటలో.