ఉడకని ఉమీతలు

లాస్తెనియా చేతిమిల్లులో లేత మొక్కజొన్న గింజలు పోసి, ఎవరి మెడో నులుముతున్నట్టు పిడి తిప్పుతోంది. ఆ మెడ అబ్దోన్‌దని లోహా ఊళ్ళో వాళ్ళ వీధికంతా తెలుసు.

అబ్దోన్ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. భార్య పోయింది. ఈ సాయంత్రం కాఫీకొచ్చి లాస్తెనియా తల్లి డెల్ఫినాను పెళ్ళికి అడగబోతున్నాడు. అడగకముందే అతన్ని గుమ్మం బయటికి సాగనంపాలని లాస్తెనియా పంతం. నోటితో మాత్రం ఒక్క మాటా అనలేదు. వారం నుంచీ గిన్నెలే ఆమె తరఫున మాట్లాడుతున్నాయి.

ఉమీతల కోసం తల్లీకూతుళ్ళు రుబ్బిన పిండిలో వెన్న, గుడ్లు కలిపారు. పొత్తుల మీంచి ఒలిచిన ఆకుల్లో పిండి వేసి, మధ్యలో చీజ్ ముక్క పెట్టి మడిచారు. కుండ అడుగున ఖాళీ కంకులు పరిచి, వాటిమీద పొట్లాలు నిలబెట్టి ఆవిరికి ఎక్కించారు.

అబ్దోన్ ఇస్త్రీ చొక్కాతో, చేతిలో టోపీతో వచ్చేసరికి డెల్ఫినా ఒక పొట్లం విప్పి చూస్తోంది. పిండి ఆకుకి అంటుకుని జారుతోంది.

"ఇంత సేపయినా పచ్చిగానే ఉన్నాయి," అంది డెల్ఫినా. "వంటింట్లో ఎవరో కోపంగా ఉన్నారు."

ఆ ఇంట్లో అది వాస్తు కంటే గట్టి నమ్మకం. కోపమున్నవాళ్ళు దాన్ని కక్కేసి, కుండ చుట్టూ గంతులేస్తే గానీ ఉమీతలు ఉడకవు.

"నాకు నా మోకాలి మీద కోపం," అన్నాడు అబ్దోన్. అని, కుంటుతూ కుండ చుట్టూ గంతులేశాడు. పందిరి కూలుతున్నట్టుంది ఆ నాట్యం.

డెల్ఫినా మరో పొట్లం విప్పింది. పచ్చి.

ఇద్దరూ లాస్తెనియా వైపు చూశారు.

"నాకేం కోపం లేదు."

"లేకపోతే మిల్లు పిడి ఎందుకు వంకరపోయిందే?" అంది డెల్ఫినా.

"ఈయన నాన్నని ముప్ఫయ్యేళ్ళు పేకాటలో మోసం చేశాడమ్మా."

"ఆ మోసాలు నాకు నేర్పింది మీ నాన్నే అమ్మాయ్," అన్నాడు అబ్దోన్, వినయంగా.

"అది కాదు నీ కోపం," అంది డెల్ఫినా.

లాస్తెనియా చేతిలోని ఆకును ముక్కలు ముక్కలుగా చింపింది. "నువ్వు కాటమాయో వెళ్ళిపోతావు, ఈయనింటికి. పొద్దున్నే లేచి నేనెవరితో పోట్లాడాలి? గోడతోనా?"

"ఎవరు చెప్పారే? ఆయనే ఇక్కడికొస్తున్నాడు."

"ఇక్కడికా?"

"నా గురక గట్టిదే," ఒప్పుకున్నాడు అబ్దోన్. "పోట్లాడ్డానికి బాగా పనికొస్తుంది."

ఇక తప్పక లాస్తెనియా కుండ చుట్టూ తిరిగింది. గంతులనడానికి లేదు, కోర్టుకి నడిచినట్టు నడిచింది. స్టవ్ మీట వైపుకి రాగానే ఆగిపోయింది. కుండ కింద మంట మిణుగురంత ఉంది.

"అమ్మా, ఇది తగ్గించిందెవరు?"

"గాలికి తిరిగుంటుంది."

"స్టవ్ మీటా? గాలికా?"

డెల్ఫినా చీజ్ ముక్కొకటి నోట్లో వేసుకుని కిటికీలోంచి చూస్తూ నిలబడింది. అబ్దోన్ గోడ మీద క్యాలెండర్ చాలా శ్రద్ధగా చదువుతున్నాడు.

లాస్తెనియా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అబ్దోన్ టోపీ ఇంకా చేతిలోనే ఉంది. ఇప్పుడు పొమ్మంటే పోతాడు.

ఆమె మీటను చివరిదాకా తిప్పింది. మంట భగ్గుమంది.

"నిలబడి చూస్తారేం," అంది అతనితో. "టోపీ అక్కడ పెట్టి, కాఫీకి నీళ్ళు పెట్టండి."