నా పేరుతో పలికిందెవరు?

నేను ఒక నల్ల పెట్టెను. రెండు అరచేతులంత ఉంటాను. ఇప్పుడు నా నెత్తిమీద ముగ్గురు అరుస్తున్నారు. కింది అంతస్తులో ఒక తల్లికి రక్తం పోతోంది.

ఆమె పేరు నూకరత్నం. కాన్పయింది, బిడ్డ క్షేమం, తల్లికి మాత్రం రక్తస్రావం ఆగలేదు. ఆమెది చాలా అరుదైన బాంబే గ్రూపు రక్తం. అది ఇవ్వగలిగినవాళ్లు జిల్లా మొత్తంలో వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. వాళ్ల ఫోన్ నంబర్లు, పరీక్షల ఫలితాలు ఈ కాకినాడ ఆసుపత్రిలో లేవు. ఎక్కడో దూరాన, ఒక క్లౌడ్ కంపెనీ నడిపే డేటాబేస్‌లో ఉన్నాయి. దానికి వీధివైపు తలుపు లేదు. ఉన్నది ఒకే ఒక్క రహస్య దారి. అది మొదలయ్యేది నాలోనే.

ఆ దారి పొద్దుటి నుంచి మూసుకుపోయింది.

"తెరమీద చక్రం తిరుగుతానే ఉందమ్మా, జాబితా తెరుచుకోట్లేదు," అంది బ్లడ్ బ్యాంకు సిస్టర్ ఎస్తేరు.

"హ్యాకర్లండి! ఎవడో దూరాడు," అన్నారు డైరెక్టర్ పద్మనాభరాజు గారు. "ఏమ్మా కరుణశ్రీ, ఆ డేటాబేస్‌ని ఇంటర్నెట్‌లో తెరిచెయ్. పనయ్యాక మూసేద్దాం."

నెట్‌వర్క్ ఇంజనీరు కరుణశ్రీ తలెత్తలేదు. "ఎవరికి ఏ జబ్బు బయటపడిందో కూడా అందులోనే ఉందండి. దొంగ దూరాడంటూ తలుపు తీసేస్తే ఎలాగండి? కొంచెం ఆగండి."

"నేను ఆగుతానమ్మా. ఆవిడ ఆగాలి కదా!"

అందరి అనుమానం నామీదే. నా గతం అలాంటిది మరి. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు దేశ రహస్యాలు మోస్తాననుకున్నాను. మొదటి కొలువు ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో. అక్కడ మేనేజరు గారి క్రికెట్ స్కోర్లు మోశాను. ఆఫీసు మూతపడ్డాక సికింద్రాబాద్ పాత సామాన్ల కొట్లో, చిక్కుపడ్డ వైర్ల బుట్టలో పడుకున్నాను. అక్కడినుంచి నన్ను ఏరి, దుమ్ము దులిపి తెచ్చింది కరుణశ్రీ. రాజుగారు నాకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నెట్‌వర్క్‌లో నా చిరునామా చివర తొమ్మిదే ఉండాలని పట్టుబట్టారు. ఆయన కారుదీ తొమ్మిదే, గదిదీ తొమ్మిదే. నాకు బొట్టు పెట్టిన మొదటి యజమాని గనక నేనూ మురిసిపోయాను.

ఆ రోజు నుంచి బ్లడ్ బ్యాంకు కంప్యూటర్లు అడిగే ప్రతి ప్రశ్నకూ తాళం వేసి పంపాను. ప్రతి జవాబునూ భద్రంగా తెచ్చి ఇచ్చాను. ఈ పొద్దున మాత్రం ప్రశ్నలు నాదాకా రావడం లేదు. పక్కనే ఎవరో వాటిని దోసిలి పట్టి అందుకుంటున్నట్టుంది. చెబుదామంటే నాకు నోరు లేదు. ఇదేదీ పట్టని జనం, పొద్దున్నే వరండాలో ఇంకో కొబ్బరికాయ కొట్టారు. ఆలస్యంగా వచ్చేవాళ్లను పట్టుకోవడానికి వేలిముద్రల హాజరు మిషన్ వచ్చిందట!

కరుణశ్రీ నా తీగ పీకి నన్ను చేతిలోకి తీసుకుంది. నేను మూగబోయాను. ఆమె కంప్యూటర్ నుంచి నా చిరునామాకు ఒక పిలుపు పంపింది.

జవాబు వచ్చింది.

"సిస్టర్, పెట్టె నా చేతిలోనే ఉంది కదా. మరి పలుకుతున్నదెవరు?"

"యేసయ్యా!" అంది ఎస్తేరు.

కరుణశ్రీ తెరమీద ఇంకేదో వెతికింది. ఒక పేరు చదివి నోరు తెరిచింది. నా తీగ మళ్లీ గుచ్చి, వరండాలోకి పరుగు తీసింది. ఎక్కడో ప్లగ్గు పీకిన చప్పుడు. అంతే, ప్రశ్నలన్నీ ఒక్కసారిగా నామీద పడ్డాయి. తాళాలు వేశాను, పంపాను, తెచ్చాను.

"వచ్చేసిందమ్మా! సామర్లకోటలో ఉన్నాడు ఒకాయన!"

ఆ ఒకాయన టైర్ల షాపు కట్టేసి, మసి చేతులతోనే బండిమీద వచ్చాడు. పరీక్షలు చకచకా జరిగాయి. సాయంత్రానికి నూకరత్నం కళ్లు తెరిచి, బిడ్డ ఏదని అడిగిందట. పెట్టెలు నిట్టూర్చవు. కాని నా ఫ్యాను చాలా నెమ్మదిగా తిరిగింది.

రాజుగారు కాజాల పొట్లంతో వచ్చారు. "ఇప్పుడు చెప్పమ్మా. వాడి పేరు చెప్పు, ఎస్పీ గారికి నేనే ఫోన్ చేస్తాను."

కరుణశ్రీ ఒక కాజా కొరికింది. "బయటివాళ్లు కాదండి. హాజరు మిషనండి. ఈ పెట్టె చిరునామానే దానికీ పెట్టేశారు."

"పెట్టించినవాడెవడు? వాణ్ణి ఇప్పుడే ఇంటికి పంపించేస్తాను!"

"బిగించినాయన్ని అడిగానండి. చివర తొమ్మిదే ఉండాలని ఆయనకి గట్టిగా చెప్పారటండి." ఆమె నా వీపుమీద చెయ్యి వేసింది. "పద్దెనిమిది పెట్టినా కూడితే తొమ్మిదేగానండి... ఆ దొంగ మీరేనండి, రాజుగారూ."