బిక్షపతి లేని సోమవారం

గాజు తొట్లను బిక్షపతి కళ్లతో కంటే ముందు ముక్కుతో చూస్తాడు. ఉదయం ఏడింటికి ల్యాబు తాళం తీసి, లైటు వేయకముందే గుమ్మంలో నిలబడి ఒక్కసారి గట్టిగా గాలి పీలుస్తాడు. తడిమట్టి వాసన వస్తే అంతా క్షేమం. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఏదో ఒక తొట్టి చచ్చినట్టే. ఆ రోజు తడిమట్టి వాసనే వచ్చింది. “మంచిగనే ఉన్నరు గదా,” అని తొట్లను పలకరించి, చెప్పులు బయట విడిచి లోపలికి నడిచాడు.

అది మార్చి నెల ఆఖరి రోజు. బిక్షపతి ఉద్యోగానికి కూడా అదే ఆఖరి రోజు. మనుషులను సరఫరా చేసే ఏజెన్సీ మారిందని, కొత్తవాళ్లు అరవై దాటినవాళ్లను తీసుకోరని రెండు వారాల కిందట సూపర్‌వైజర్ చెప్పాడు. సాయంత్రం ఐదింటికి కార్డూ తాళంచెవులూ గేటు దగ్గర ఇచ్చేసి వెళ్లిపోవాలి. ఈ మాట ఇంట్లో భార్య శారదమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక్కడ చదివే పిల్లలు శాలువా తెస్తారు, ఫొటోలు దిగుదామంటారు. ఈ అరవై ఒక్క ఏళ్లలో ఏ ఫొటోలోనూ అతని కళ్లు తెరుచుకుని లేవు.

మనిషి సన్నం. ఏజెన్సీ ఇచ్చిన నీలం చొక్కా భుజాల దగ్గర జారి ఉంటుంది. కుడిచేతి రెండు వేళ్ల గోళ్లు ఎప్పుడో యాసిడ్‌కు పోయాయి, మళ్లీ రాలేదు. ఆ వేళ్లతోనే గాజు గొట్టాలను అంత సుతారంగా కడుగుతాడు.

నాచారం కర్మాగారాల వెనక పాత గోదాములు కొన్నింటిని బాగుచేసి అక్కడ ఒక అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయం పెట్టారు. నేలనూ నీటినీ గాలినీ పాడుచేయకుండా కట్టడాలూ యంత్రాలూ ఎలా నడపాలో నేర్పుతారు. సస్టైనబిలిటీ అనీ గ్రీన్ ఇంజనీరింగ్ అనీ పిల్లలు అంటారు. బిక్షపతి దాన్ని “పచ్చ సదువు” అంటాడు. మొదట్లో నవ్విన పిల్లలు ఇప్పుడు వాళ్లూ అదే మాట అంటున్నారు.

ఇక్కడికి రాకముందు అతను నాచారంలోనే ఒక తినుబండారాల ఫ్యాక్టరీలో మురికినీటిని శుభ్రం చేసే ప్లాంటు నడిపాడు, పందొమ్మిదేళ్లు. మురికినీళ్లలో కంటికి కనిపించని జీవాలుంటాయని, మురికిని తిని నీటిని తేటపరిచేది అవేనని, వాటికి గాలి అందకపోతే నల్లబడి చస్తాయని అక్కడే నేర్చుకున్నాడు. ఆదివారాలు ఫ్యాక్టరీ మూసినప్పుడు వాటికి తిండి ఉండదు. బెల్లం కరిగించుకుని వెళ్లి పోసి వచ్చేవాడు. “ఇంట్ల చాయ్‌ల ఏసుకుందామంటే లేదు, పురుగులకు పోస్తున్నవా!” అని శారదమ్మ చీవాట్లు పెట్టేది. ప్లాంటు మొత్తం కంప్యూటర్ చేతికి పోయాక అతనికి పని లేకుండా పోయింది. ఏడేళ్ల కిందట ఈ ల్యాబులో చేరాడు. పాత దోస్తు కనకరాజు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడు.

ఈ ల్యాబులో పిల్లలు అవే జీవాలను చిన్న చిన్న తొట్లలో పెంచుతారు. చేపల తొట్టికి పెట్టే గాలి పంపు లాంటిదే పెడతారు. కుర్రకారు కదా, పంపు ఆపేసి ఊరికి పోతారు, వచ్చి చచ్చిన తొట్టి ముందు కూర్చుని ఏడుస్తారు. మొదటి ఏడాది ఒక పిల్ల అట్లా ఏడిస్తే చూడలేక, బిక్షపతి కనకరాజు దగ్గర ఒక డబ్బా బురద తెచ్చి పోశాడు. తొట్టి బతికింది. అప్పటి నుంచి ముందురోజే ఒక డబ్బా తెచ్చి ఉంచుకుని సోమవారం పట్టుకురావడం అలవాటైంది. ఇంట్లో పెరుగు పాడైతే పక్కింటి నుంచి తోడు తెచ్చుకోమా, ఇదీ అంతే అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అదేమంత ఘనకార్యం కనుక!

పదకొండింటికి త్రివేణి వచ్చింది. చర్లపల్లి పిల్ల. తండ్రి అక్కడే ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. ఎం.టెక్ ఆఖరి ఏడాది. పొడుగాటి గ్రాఫు కాగితం ఒకటి గోడకు అతికించి, స్టూలు లాగింది.

“కాకా, జర కూసో. రేపు సార్ల ముంగట చెప్పాలె. నీకు సమజైతే అందరికీ సమజైతది.”

బిక్షపతి చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. పెళ్లిచూపులకు కూడా అంత బుద్ధిగా కూర్చోలేదు.

“గీ గీత సూడు. పైకుంటె నీళ్లు మంచిగ శుభ్రమైతున్నట్టు. గిక్కడ కిందికి వడ్డది సూడు. గది నేను శనివారం కావాలని పంపు బంద్ జేసిపోయిన రోజు.”

“కావాలనా?”

“అవ్ మరి. స్విచ్ మీద కాయిదం గూడ అతికిచ్చిన గద, ఎవ్వరు ఎయ్యొద్దని. కరెంటు సక్కగ ఉండని బస్తీలల్ల గీ తొట్లు పెడితె ఏమైతదో సూడాలె. ఆదివారమంత గాలి లేకుంట ఉంచిన. అయినా సోమవారం నేనొచ్చి పంపు ఏసినంక, పొద్దుగూకేలోపల మళ్ల లేస్తున్నయ్. ఒక్కపారి గాదు కాకా, ఏడుపార్లు. గండ్ల ఒక్కటి జర లేటుగ లేసింది, గంతే. వాటంతట అవే!”

ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది.  స్విచ్ మీద ఇంగ్లీషు కాగితం బిక్షపతి కూడా చూశాడు. ముట్టుకోవద్దని రాసి ఉంటుందని స్విచ్ ముట్టుకోలేదు. కానీ సోమవారాలు ఏడింటికి వచ్చి, నల్లబడ్డ తొట్టి చూసి, ఈ పిల్ల మతిమరుపును ముద్దుగా తిట్టుకుంటూ, రెండు మగ్గుల నల్లనీళ్లు తీసేసి రెండు మగ్గుల మంచి బురద పోసింది అతనే.

“మంచిగ చెప్పినవ్ బిడ్డా,” అని లేచి, సింకు దగ్గరికి పోయి, అప్పటికే కడిగిన గాజు గొట్టాలను మళ్లీ కడిగాడు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీయలేదు. ఐదు దాటితే తాను వెళ్లిపోతాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. త్రివేణికి మంచి మార్కులొస్తాయి, పేరొస్తుంది. కానీ తర్వాత? మళ్లీ పంపు ఆపి చూస్తుంది. సోమవారం తొట్టి నల్లగానే ఉంటుంది, మంగళవారం కూడా నల్లగానే ఉంటుంది. ఏం తప్పు చేశానా అని ఆ పిల్ల తనను తాను తిట్టుకుంటుంది. ఆమెను నమ్మి ఏదో బస్తీలో ఈ తొట్టి పెడితే అక్కడా అంతే. సాయం అనుకుని తాను చేసింది ఏమిటో తలుచుకుంటే బిక్షపతికి ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. చెబితే ఈ పిల్ల ఇంక తన ముఖం చూడదేమో అన్న భయమూ ఉంది. ఆ భయమే పెద్దది.

రెండున్నరకు లేచి ఆమె బల్ల దగ్గరికి వెళ్లాడు.

“బిడ్డా, అవి వాటంతట అవి లేవలే. నేనే పోసిన.”

“ఏం పోసినవ్?”

“మంచి బురద. మా కనకరాజు దగ్గర్కెల్లి తెచ్చి. సోమవారం పొద్దుగాల, నువ్వు రాకముందుగాల. సచ్చిపోయినయనుకున్న బిడ్డా. నువ్వు ఏడుస్తవని.”

త్రివేణి అతని వైపు కాక గోడ మీది గీత వైపు చూసింది. చాలాసేపు చూసింది.

“నాలుగు నెలలు, కాకా,” అంది. అంతే, బయటికి వెళ్లిపోయింది.

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. బిక్షపతి ఉన్నచోటే నిలబడిపోయాడు.

పావుగంటకు ముఖం కడుక్కుని తిరిగొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో పెన్సిల్ ఉంది.

“ఏ ఏ సోమవారాలు పోసినవో యాది ఉన్నదా?”

రాసుకునే అలవాటు అతనికి లేదు. కానీ గుర్తుండకపోవడమేమిటి! గోడ దగ్గరికి వెళ్లి, గీత మళ్లీ పైకి లేచిన మొదటి ఎత్తు మీద గోరు లేని వేలు పెట్టాడు. “గిది కార్తీక సోమవారం. శారదమ్మ ఒక్కపొద్దున్నది, అందుకని ఇంట్ల చాయ్ తాగకనే వచ్చిన.” త్రివేణి పక్కన రాసుకుంది. రెండోది శారదమ్మకు కంటి ఆపరేషనై కట్టు విప్పిన రోజు. ముందు తన ముఖమే చూసి “గింత ముసలోనివైనవేంది” అందట. అది చెప్పేటప్పుడు అతనికి తెలియకుండానే నవ్వొచ్చింది. త్రివేణికి కూడా కొంచెం వచ్చింది. మూడో సోమవారం ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగిపోతే డబ్బా చంకన పెట్టుకుని నడిచొచ్చాడు. నాలుగోది కూతురు దీపకు ఘట్‌కేసర్‌లో కొడుకు పుట్టిన తెల్లారి. ఆరోది శివరాత్రి జాగారం చేసి నిద్రకళ్లతో వచ్చిన పొద్దు. ఏడోది సూపర్‌వైజర్ మాట్లాడిన రోజు. ఏం మాట్లాడాడో మాత్రం చెప్పలేదు.

“ఐదోది ఇడిసిపెట్టినవ్,” అంది త్రివేణి.

బిక్షపతి దగ్గరగా వంగి తేదీ చదివించుకున్నాడు. ఫిబ్రవరి రెండు.

“గా సోమవారం నేను లేను బిడ్డా. మా తమ్ముడు పోయిండు. ఐదు దినాలు మోత్కూరుల ఉన్న.”

“మరి ల్యాబు ఎవలు తీసిన్రు?”

“వాచ్‌మెన్ తీసిండు. ఆయన గీ వాసనకు లోపటికే రాడు.”

ఇద్దరూ ఐదో ఎత్తు వైపు చూశారు. మిగతా వాటికంటే అది పొట్టి. సోమవారం సాయంత్రానికి కాదు, మంగళవారం సాయంత్రానికి గానీ లేవలేదు. అయినా లేచింది.

“అవే లేసినయా?” అన్నాడు బిక్షపతి. ఇరవై ఆరేళ్లుగా తాను చూసుకోకపోతే అవి చస్తాయనే అనుకుంటూ వచ్చాడు. సంతోషమేసింది. చిన్నబుచ్చుకున్నట్టు కూడా అయింది. సంతోషమే ఎక్కువ.

నాలుగింటికి ఇద్దరూ ప్రొఫెసర్ ఉమామహేశ్వర్ గదికి వెళ్లారు. ఆయన అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“రేపటి రివ్యూ లేదమ్మా. ఆరు ఫలితాలూ తీసేయాలి. ఒక్కటి మిగిలింది. ఒక్కదాంతో ఏదీ రుజువు కాదు గానీ, మళ్లీ చేసి చూడ్డానికి అది చాలు. డిగ్రీ ఒక సెమిస్టర్ వెనక్కి పోతుంది, ఫర్వాలేదా?”

“చేస్త సార్,” అంది త్రివేణి. 

ఆయన బిక్షపతి వైపు తిరిగాడు. “చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదండీ?”

“రేపటి సంది నేను రాను సార్. ఏజెన్సోళ్లు వద్దన్నరు. నేను పోయినంక తొట్టి లేవకపోతె, బిడ్డ తన తప్పనుకుంటది.”

త్రివేణి చటుక్కున తలెత్తింది. 

ఐదింటికి గేటు దాకా ఆమె కూడా వచ్చింది. అతను కార్డూ తాళంచెవులూ ఇచ్చి, అక్కడి రిజిస్టరులో సంతకం పెట్టాడు. ఆమె అతని చేయి పట్టుకుంది.

“సోమవారం ఫోన్ జేస్త కాకా.”

“జెయ్యి. తొట్టి నల్లగున్నా భయపడకు. ఏం పొయ్యకు. జర ఆగి సూడు.” అది చెప్పడం అతనికి కష్టంగానే ఉంది. చెప్పి, ఉప్పల్ వైపు వెళ్లే ఆటో ఎక్కాడు.

త్రివేణి వెనక్కి వచ్చేసరికి ల్యాబులో పంపుల చప్పుడు తప్ప ఏమీ లేదు. గోడ మీది కాగితంలో ఆరు ఎత్తుల పక్కన పెన్సిల్‌తో చిన్న చిన్న అక్షరాలున్నాయి: ఒక్కపొద్దు, కట్టు విప్పిన రోజు, ట్రాఫిక్, మనవడు, జాగారం, సూపర్‌వైజర్. ఐదోదాని పక్కన ఖాళీగా ఉన్నచోట ఆమె రెండు ముక్కలు రాసి, మూల ఊడిపోతుంటే మళ్లీ అతికించింది. ఫ్యాను గాలికి కాగితం కొద్దిగా కదులుతోంది. ఆ పొట్టి ఎత్తు పక్కన “ఎవరూ పోయలేదు” అని ఉంది.